డిసెంబరు 31న మన పేర్లు ఎవరు చూస్తున్నారు?

(స్టేషన్ రికార్డుల్లో మన చరిత్ర - 7వ భాగం)



"కేడీ" అనే మాట తెలియనివాళ్లు మనలో లేరు. సినిమాల్లో అది తిట్టు. ఇళ్లల్లో అల్లరి పిల్లాణ్ని విసుక్కునే మాట. కానీ అది తెలుగు మాట కాదు. మద్రాసు ప్రెసిడెన్సీ పోలీసులు తమ రిజిస్టర్లలో "నోన్ డెప్రెడేటర్" అని రాసుకునేవాళ్లు. దోచుకుతినేవాడని మాకు తెలుసు అని దాని అర్థం. ఆ రెండు ఇంగ్లిషు మాటల మొదటి అక్షరాలే కే, డీ. ఇక్కడ ఒక్క విషయం గమనించండి. ఇది కోర్టు శిక్ష వేసినవాడికి పెట్టిన పేరు కాదు. పోలీసులకు "తెలిసినవాడికి" పెట్టిన పేరు. ఎలా తెలిసింది, ఎవరు చెప్పారు, నిజమేనా అని అడిగే చోటు ఆ రిజిస్టర్లో లేదు.

నూట యాభై ఏళ్లుగా ఆ చోటు లేకపోవడమే ఈ భాగంలో మనం మాట్లాడుకునే చరిత్ర. ప్రమాదకరమైన మనిషి మీద నిఘా పెట్టవచ్చా అంటే పెట్టవచ్చు. అలాంటివాళ్లు ఉన్నారు, వాళ్ల చేతిలో ముందుగా నలిగేది కూడా మన పేటల్లోని ఆడవాళ్లే, కూలీలే. కాబట్టి నిఘాయే వద్దని నేను రాయడం లేదు. ఎవరు ప్రమాదకరమో తేల్చేది ఎవరు? ఎంతకాలం? గడువు తీరాక మళ్లీ చూసేది ఎవరు? ఈ మూడు ప్రశ్నలు పట్టుకుని వెనక్కి వెళదాం.

1. పుట్టుకే నేరం, కోర్టుకు తలుపు మూత

1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం తెచ్చింది. మొదట ఉత్తరాదిలో అమలు చేసి, 1911లో చట్టాన్ని కొత్తగా రాసి మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా తెచ్చారు. 1924లో అన్నీ కలిపి మరో చట్టం చేశారు. ప్రభుత్వం ఒక నోటిఫికేషన్ ఇస్తే చాలు, ఒక తెగ మొత్తం నేరస్థ తెగ అయిపోతుంది. ఆ తెగలో పుట్టినవాళ్ల పేర్లు రిజిస్టరుకెక్కుతాయి, వేలిముద్రలు తీసుకుంటారు. రోజూ హాజరు చెప్పుకోవాలి, ఊరు దాటాలంటే పాసు తీసుకోవాలి.

ఆ చట్టంలో చాలామంది చదవకుండా వదిలేసే వాక్యం ఒకటుంది. ప్రభుత్వం ఇచ్చిన నోటిఫికేషన్ సరైనదా కాదా అని ఏ కోర్టూ ప్రశ్నించరాదు అని చట్టంలోనే రాశారు. రిజిస్టరులో పేరెక్కిందని బాధపడేవాడు జిల్లా మేజిస్ట్రేటుకు మొరపెట్టుకోవచ్చు. జిల్లా మేజిస్ట్రేటు అంటే ఎవరు? జిల్లా కలెక్టరే. జిల్లాలో పోలీసుల మీద పెత్తనం చేసేదీ ఆయనే. పేరు రాయించిన చేతికే అర్జీ పెట్టుకోవాలి.

మన వైపు ఈ చట్టం ఎవరి మీద పడింది? ప్రధానంగా ఎరుకల మీద. వాళ్లు గాడిదల మీద, ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని కోస్తాకీ లోపలి ఊళ్లకీ మధ్య తిరిగి బతికినవాళ్లు. ఉప్పు మీద ప్రభుత్వ పెత్తనం పెరిగింది. 1890ల్లో బెజవాడ నుంచి ఏలూరు, తాడేపల్లిగూడెం మీదుగా రాజమండ్రి వైపు రైలు దారి పడింది. గాడిద మోసే బరువును రైలు మోయడం మొదలుపెట్టాక ఆ వర్తకం కూలిపోయింది. తిరిగి బతికినవాళ్లు తిండి లేకుండా తిరగసాగారు. అప్పుడు వాళ్ల తిరుగుడే నేరానికి గుర్తు అయింది. మద్రాసు పోలీసు అధికారి ముల్లలీ 1892లోనే ప్రెసిడెన్సీలోని "నేరస్థ వర్గాల" మీద పుస్తకం రాసి పెట్టాడు. ఏ కులం ఎలా దొంగతనం చేస్తుందో చెప్పే పుస్తకం అది. చట్టం రావడానికి ముందే పోలీసుల చేతిలో జాబితా తయారుగా ఉందన్నమాట.

ఆ తర్వాత సెటిల్మెంట్లు వచ్చాయి. బెజవాడకు ఎదురుగా కృష్ణ అవతలి ఒడ్డున సీతానగరం, బాపట్ల దగ్గర స్టూవర్టుపురం - ఈ రెండూ సాల్వేషన్ ఆర్మీ నడిపింది. నెల్లూరు వైపు కావలిలో బాప్టిస్టు మిషన్ నడిపింది. స్టూవర్టుపురం పేరు మద్రాసు గవర్నరు కౌన్సిల్లో సభ్యుడైన హెరాల్డ్ స్టూవర్టుది. ఆ ఊరి పేరు చెబితే తెలుగు సినిమాకు గుర్తొచ్చేది గజదొంగ. ఆ ఊరివాళ్లు రాళ్లు కొట్టారని, పొగాకు కంపెనీకి కూలీ చేశారని, హాజరు పలికి పలికి మూడు తరాలు గడిపారని గుర్తు రాదు.

ఏలూరు, తాడేపల్లిగూడెం, భీమవరం పట్టణాల అంచుల్లో ఎరుకల, యానాది పేటలు నేటికీ ఉన్నాయి. బుట్టలల్లేవాళ్లు, పందులు పెంచుకునేవాళ్లు, చిత్తుకాగితాలు ఏరుకునేవాళ్లు. పట్టణంలో ఎక్కడ దొంగతనం జరిగినా మొదటి జీపు ఎటు వెళుతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు.

2. చట్టం పోయింది, రిజిస్టరు మిగిలింది

స్వాతంత్ర్యం వచ్చాక 1949లో ఈ చట్టంపై విచారణ కమిటీ వేశారు. అధ్యక్షుడు మన తిరుపతి ప్రాంతం వాడైన మాడభూషి అనంతశయనం అయ్యంగార్. ఆ తర్వాత లోక్‌సభ స్పీకరు అయింది ఆయనే. నేరస్థ తెగల చట్టం రద్దు కావాలని ఆ కమిటీ చెప్పింది. మద్రాసు రాష్ట్రం 1947లోనే రద్దు చేసింది. దేశమంతటా 1952 ఆగస్టు 31న రద్దయింది. అందుకే సంచార, విముక్త జాతులు ఆగస్టు 31ని విముక్తి దినంగా జరుపుకుంటాయి.

అయితే కమిటీ ఇంకో మాట కూడా చెప్పింది. తెగ మొత్తాన్ని కాకుండా, అలవాటుగా నేరం చేసే వ్యక్తుల మీద చట్టం ఉండాలంది. మద్రాసులో 1948లోనే అలాంటి చట్టం వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 1962లో హాబిచువల్ అఫెండర్స్ చట్టం వచ్చింది. కాగితం మీద ఇది మంచి మార్పే. తెగ పోయి వ్యక్తి వచ్చాడు, పుట్టుక పోయి శిక్షల లెక్క వచ్చింది.

కానీ ఆ చట్టం కూడా అక్కర్లేని ఇంకో దారి స్టేషన్లో ఎప్పటి నుంచో ఉంది. అదే పోలీసు స్టాండింగ్ ఆర్డర్లు. ఇవి శాసనసభ చేసిన చట్టాలు కావు, పోలీసు శాఖ తన సిబ్బందికి ఇచ్చుకున్న ఆదేశాలు. వీటి కిందే సస్పెక్ట్ షీటు, హిస్టరీ షీటు, రౌడీ షీటు తెరుస్తారు. రౌడీ షీటుది పాత నంబరు 742, ఇప్పటి పోలీసు మాన్యువల్లో 601.

601లో ఎవరెవరిని రౌడీ అనవచ్చో జాబితా ఉంది. శాంతిభద్రతలకు భంగం కలిగించే నేరాలు అలవాటుగా చేసేవాడు. బైండోవర్ అయినవాడు. ఆడపిల్లల్ని అలవాటుగా వేధించేవాడు. బెదిరించి ఆస్తులు రాయించుకునేవాడు, షాపుల దగ్గర మామూళ్లు గుంజేవాడు. ఇంతవరకు ఎవరికీ అభ్యంతరం ఉండదు. ఆ జాబితాలోనే మతపరమైన, కులపరమైన, రాజకీయపరమైన అల్లర్లకు రెచ్చగొట్టేవాళ్లు అని కూడా ఉంది. ఊళ్లో అంబేడ్కర్ విగ్రహం కోసం కూర్చున్న కుర్రాడు ఎస్సై కంటికి ఏ కోవలోకి వస్తాడు? విగ్రహం తీసినవాడు శాంతికాముకుడు, పెట్టినవాడు రెచ్చగొట్టేవాడు అయ్యే ప్రమాదం ఆ ఒక్క ముక్కలో ఉంది.

3. డిసెంబరు 31

షీటు ఎంతకాలం ఉంటుంది? 602వ ఆర్డరు ప్రకారం తెరిచిన రోజు నుంచి ఆ ఏడాది డిసెంబరు ఆఖరు దాకా. ఆ తర్వాత ఉంచాలా తీసేయాలా అన్నదానికి గెజిటెడ్ పోలీసు అధికారి ఉత్తర్వు తీసుకోవాలి. అంటే సాధారణంగా డీఎస్పీ. ప్రతి ఏడూ ఇలాగే.

కాబట్టి సమీక్ష లేదని ఎవరూ అనలేరు. సమీక్ష ఉంది. తెరిచింది పోలీసు, చూసేది పోలీసు, పొడిగించేది పోలీసు. పేరున్న మనిషిని పిలిచి నువ్వేమంటావని అడగాల్సిన పని లేదు. అయిదేళ్లుగా ఒక్క కొత్త కేసూ లేకపోయినా, అంతమాత్రాన రౌడీతనం మానేశాడని అనుకోనక్కర్లేదని అదే ఆర్డరు చెబుతోంది. కేసు ఉంటే ఉందని షీటు, లేకపోతే జనం భయపడి ఫిర్యాదు చెయ్యడం లేదేమోనని షీటు. ఇక మనిషి ఏం చేస్తే ఆ కాగితం మూతపడుతుంది?

రౌడీ షీటు ఉన్నవాడి బతుకు మనకు తెలుసు. పండగొచ్చినా, ఎన్నికలొచ్చినా, మంత్రిగారు జిల్లాకొచ్చినా స్టేషన్‌కి రావాలి. ఆదివారం కౌన్సెలింగ్ అని వరుసలో నిలబెట్టి పేపర్లో ఫోటో వేస్తారు. ఇంటి దగ్గర అర్ధరాత్రి తలుపు కొడతారు. చెల్లెలి సంబంధం చూడవచ్చినవాళ్లు మధ్యదారిలోనే వెనక్కి పోతారు. ఉద్యోగానికి వెరిఫికేషన్ వస్తే అంతే సంగతులు. ఇంతా కలిపి శిక్షే గానీ, ఏ జడ్జీ వేసిన శిక్ష కాదు.

ఈ షీటుకు "అలవాటు" ఎలా తయారవుతుందో కొల్లేరు వైపు నుంచి చూడండి. 1970ల్లో ప్రభుత్వం కొల్లేట్లో సొసైటీలు పెట్టించి మత్స్యకారులకు, దళితులకు చెరువులు ఇచ్చింది. కాలక్రమంలో అవి లీజుల పేరిట డబ్బున్నవాళ్ల చేతుల్లోకి పోయాయి. 1999లో సరస్సును అయిదో కాంటూరు దాకా అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో చెరువు గట్లు పేల్చేశారు. లంక గ్రామాల్లో గట్టు ఎవరిది, నీళ్లెవరివి, లీజు డబ్బులు ఎవరికి అన్న తగాదా దశాబ్దాలుగా రగులుతూనే ఉంది. తగాదా ఉన్నచోట కొట్లాట, కొట్లాట ఉన్నచోట కేసు.

మనవాళ్లు దెబ్బలు తిని స్టేషన్‌కి పోయి ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ కేసు పెడితే ఏమవుతుంది? మర్నాటికల్లా అవతలివాళ్లు కౌంటర్ కేసు పెడతారు. మనవాళ్లే గుంపుగా వచ్చి కొట్టారని. రాజీ కుదర్చడానికి పెద్దమనుషులకు అదొక పనిముట్టు: మీరు అది తీసుకోండి, వాళ్లు ఇది తీసుకుంటారు. మనవాళ్లు రాజీపడకపోతే కౌంటర్ కేసు అలాగే ఉండిపోతుంది. మరో ఏడాది శ్మశానం దారి దగ్గరో, చెరువు పాట దగ్గరో ఇంకో గొడవ, ఇంకో కౌంటర్ కేసు. రెండయ్యాయి. రెండు కేసుల్లో ముద్దాయి. చివరికి రెండూ కొట్టేసినా, మధ్యలో ఎవరో ఒక ఫారం నింపేసి ఉంటారు. న్యాయం అడిగినందుకు పుట్టిన కేసులే అతని "అలవాటు" కింద లెక్కకొస్తాయి.

4. ఇద్దరు తెలుగు జడ్జీలు

కోర్టులు ఏం చేశాయి? ఇక్కడ మన విద్యార్థులు తప్పక తెలుసుకోవాల్సిన పేర్లున్నాయి.

ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అనే మనిషిని 1941లో ఒక దోపిడీ కేసులో పట్టుకుని సాక్ష్యం లేదని వదిలేశారు. అయినా అతని పేరిట హిస్టరీ షీటు తెరిచి, రాత్రుళ్లు తలుపు కొట్టడం మొదలుపెట్టారు. అతను సుప్రీంకోర్టుకు పోయాడు. 1962 డిసెంబరులో ఆరుగురు జడ్జీలు తీర్పు చెప్పారు. రాత్రిపూట ఇంటికి వెళ్లి తలుపు కొట్టడం చెల్లదన్నారు. మిగతా నిఘా చెల్లుతుందని నలుగురు అన్నారు. రాజమండ్రిలో పుట్టిన జస్టిస్ కోకా సుబ్బారావు ఒప్పుకోలేదు. నీడలా వెంటాడే పోలీసు ఉన్నప్పుడు మనిషికి స్వేచ్ఛగా తిరిగే హక్కు ఉన్నట్టు కాదని, మొత్తం నిఘా నిబంధనే రాజ్యాంగ విరుద్ధమని వేరే తీర్పు రాశారు. జస్టిస్ షా ఆయనతో ఉన్నారు. ఇద్దరే. ఓడిపోయిన తీర్పు అది.

1975లో గోవింద్ కేసులో సుప్రీంకోర్టు మధ్యప్రదేశ్ నిఘా నిబంధనల్ని కొట్టెయ్యలేదు. అయితే అవి చట్టబలం ఉన్న నిబంధనలని, నిజంగా ప్రమాదం ఉన్నవాళ్లకే పరిమితం కావాలని చెప్పింది. 1980 డిసెంబరులో మలక్ సింగ్ కేసు తీర్పు రాసింది ఇంకో తెలుగు జడ్జీ, జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి. తర్వాత కర్ణాటకలో వెనుకబడిన తరగతుల కమిషన్‌కు అధ్యక్షత వహించింది ఆయనే. నిఘా రిజిస్టరులో పేరు చేర్చే ముందు ఆ మనిషి వాదన వినాల్సిన అవసరం లేదన్నారు ఆయన. అది మనకు నష్టం చేసిన మాట. కానీ కోర్టు అడిగితే పోలీసులు తమ అనుమానానికి ఆధారం చూపించి తీరాలని, మనిషి గౌరవానికి భంగం కలిగేలా నిఘా సాగరాదని కూడా అన్నారు. ఆ రెండో సగం మనకు ఆయుధం.

మన రాష్ట్ర హైకోర్టు కూడా 1980ల నుంచి ఈ ఆయుధాన్ని వాడింది. 1987లో మాజిద్ బాబు కేసులో, 1999లో మహమ్మద్ ఖదీర్ కేసులో చెప్పిన సారాంశం ఇది. ఒక్క కేసుతో "అలవాటు" అనలేరు, కనీసం రెండైనా ఉండాలి, యాంత్రికంగా షీటు తెరవకూడదు, అధికారి బుర్ర పెట్టి ఆలోచించినట్టు రికార్డులో కనిపించాలి. ఆ తర్వాత ఎన్నో షీట్లు ఈ తీర్పుల మీదే రద్దయ్యాయి. కానీ ప్రతి ఒక్కరూ విడివిడిగా రిట్ వేసుకోవాల్సిందే. 2018 దాకా హైకోర్టు హైదరాబాదులో ఉండేది. తాడేపల్లిగూడెంలో మేస్త్రీ పని చేసుకునేవాడు తన పేరు ఒక కాగితం నుంచి తీయించుకోవడానికి రాత్రి రైలెక్కి రాజధానికి పోవాలి. 2019 జనవరి నుంచి మన హైకోర్టు అమరావతిలో ఉంది. దూరం తగ్గింది, ఫీజు తగ్గలేదు.

2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది జడ్జీలు గోప్యత ప్రాథమిక హక్కు అన్నారు. 55 ఏళ్ల కిందట ఓడిపోయిన సుబ్బారావు తీర్పే సరైనదన్నారు. మనిషి గోప్యతలోకి రాజ్యం చొరబడాలంటే ముందుగా ఒక చట్టం ఉండాలి. ఆ చట్టానికి సరైన ఉద్దేశం ఉండాలి. చొరబాటు అవసరానికి మించకూడదు. ఈ మూడు మెట్లలో మొదటి మెట్టు దగ్గరే రౌడీ షీటు ఆగిపోతుంది కదా? స్టాండింగ్ ఆర్డరు చట్టమే కాదు! 2022 జులైలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జస్టిస్ డి.వి.ఎస్.ఎస్. సోమయాజులు సరిగ్గా ఇదే చెప్పారు. చట్టబలం లేని స్టాండింగ్ ఆర్డర్లను పట్టుకుని షీట్లు తెరవడం, నిఘా పెట్టడం కుదరదన్నారు. అది సింగిల్ జడ్జి తీర్పు. దాంతో షీట్లు మాయమైపోలేదు, ఆదివారం కౌన్సెలింగ్ వార్తలు పేపర్లో ఆగిపోలేదు. ఈ విషయంలో నేటి స్థితి ఏమిటో రిట్ వేసే ముందు మీ లాయరు గారిని అడిగి తెలుసుకోండి.

2024 మే 7న ఢిల్లీ హిస్టరీ షీటు కేసు ఒకదానిలో జస్టిస్ సూర్యకాంత్, జస్టిస్ విశ్వనాథన్ బెంచి దేశమంతటికీ వర్తించేలా ఒక మాట చెప్పింది. వెనుకబడిన వర్గాలు, ఎస్సీలు, ఎస్టీలకు చెందిన అమాయకుల పేర్లు ముందే ఏర్పరచుకున్న అభిప్రాయాలతో, యాంత్రికంగా హిస్టరీ షీట్లలోకి ఎక్కకూడదని, రాష్ట్రాలన్నీ తమ విధానాలను మళ్లీ చూసుకోవాలని చెప్పింది. ఏ కులంలో పుట్టినవాడి పేరు షీటుకెక్కుతుందో సుప్రీంకోర్టే గుర్తించిందన్నమాట. అదే ఏడాది అక్టోబరు 3న సుకన్య శాంత కేసులో జైళ్లలో కులం చూసి పనులు పంచడాన్ని, జైలు మాన్యువళ్లలో "నేరస్థ తెగలు" అనే మాటల్ని కొట్టేసింది. విముక్త జాతులవాళ్లని ఊరికే పట్టుకెళ్లరాదని పోలీసుల్ని హెచ్చరించింది.

ఇవన్నీ మంచి తీర్పులే. కానీ 2024 మే తీర్పు కూడా షీట్ల తనిఖీని పై పోలీసు అధికారి చేతిలోనే పెట్టింది. 1911లో కలెక్టరు, 602లో డీఎస్పీ, ఇప్పుడు ఇంకాస్త పై అధికారి. జడ్జీ మాత్రం ఇంకా రాలేదు.

5. జడ్జీ ఉన్న దారి ఎలా ఉంటుంది

ప్రమాదకరమైనవాళ్ల మీద కోర్టు నిఘా అనేది మన చట్టాల్లో లేని విషయం కాదు. మూడు చోట్ల ఉంది.

ఒకటి, పాత సీఆర్పీసీ 356, ఇప్పటి బీఎన్ఎస్ఎస్ 394. కొన్ని తీవ్ర నేరాల్లో రెండోసారి శిక్ష పడ్డవాడు విడుదలయ్యాక ఎక్కడ ఉంటున్నదీ తెలియజేయాలని శిక్ష వేసే కోర్టే ఉత్తర్వు ఇవ్వవచ్చు. అయిదేళ్లకు మించకూడదు. పైకోర్టులో శిక్ష పోతే ఈ ఉత్తర్వూ పోతుంది.

రెండు, బైండోవర్. ఇది తహసీల్దారు చేతిలో ఉండేది, దుర్వినియోగం బోలెడు. అయినా పూచీకత్తు ఇమ్మన్న ఉత్తర్వు మీద సెషన్స్ కోర్టుకు అప్పీలు ఉంది. ఏలూరు జిల్లా కోర్టు మెట్లెక్కి అడగవచ్చు. రౌడీ షీటుకు ఆ అప్పీలు కూడా లేదు.

మూడోది మనకోసం చేసిన చట్టంలో ఉంది. 1989 ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం, సెక్షన్ 10. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గానీ, అత్యాచారాలు జరిగే అవకాశం ఉందని గుర్తించిన ప్రాంతాల్లో గానీ, ఫలానా మనిషి దళితుల మీద, ఆదివాసీల మీద నేరం చేసేలా ఉన్నాడని ప్రత్యేక కోర్టుకు తోస్తే, అతణ్ని ఆ ప్రాంతం వదిలి పొమ్మని ఉత్తర్వు ఇవ్వవచ్చు. 2015 సవరణ తర్వాత గరిష్ఠం మూడేళ్లు. ఎందుకు ఇస్తున్నారో ఆ మనిషికి తెలియజేయాలి. అతను 30 రోజుల్లోగా మొర పెట్టుకుంటే కోర్టు కారణాలు రాసి ఉత్తర్వును మార్చవచ్చు, తీసెయ్యవచ్చు.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. మన మీద దాడి చేస్తాడని భయపడాల్సిన మనిషికి ఫిర్యాదు, కోర్టు, కారణాలు, గడువు, సమీక్ష అన్నీ ఉన్నాయి. ఉండాలి కూడా, అతనూ పౌరుడే. దాడికి గురై కౌంటర్ కేసులో ఇరుక్కున్న మనవాడికి మాత్రం ఒక ఫారం, ఒక సంతకం, ఏటేటా డిసెంబరు 31. పైగా ఆ సెక్షన్ 10 ఉత్తర్వు మీ ఊళ్లో ఎప్పుడైనా విన్నారా? రౌడీ షీటు మాట వారానికోసారి వింటాం.

2017లో మన జిల్లా పాలకోడేరు మండలం గరగపర్రులో అంబేడ్కర్ విగ్రహం పెట్టినందుకు దళితుల్ని సాంఘికంగా వెలివేశారు. పొలం పనికి పిలవలేదు, వీధుల్లో ముఖం తిప్పుకున్నారు. సాంఘిక బహిష్కరణ నేరమని 2015 సవరణలోనే స్పష్టంగా చేర్చారు. అలాంటి ఊరు సెక్షన్ 10 పరిధిలోకి రావాలంటే ప్రభుత్వం దాన్ని అత్యాచారాలకు అవకాశమున్న ప్రాంతంగా గుర్తించాలి. ఆ గుర్తింపు ప్రభుత్వ విధి అని అదే చట్టం సెక్షన్ 21 చెబుతోంది. మన కలెక్టర్లను మనం అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే.

బయటి దేశాల్లో ఏం జరుగుతోందో ఒక్క ఉదాహరణ. న్యూజిలాండ్‌లో తీవ్రమైన లైంగిక నేరాలు చేసి శిక్ష ముగించుకున్నవాళ్లలో మళ్లీ చేసే ప్రమాదం ఎక్కువ ఉన్నవాళ్ల మీద 2004 నుంచి పొడిగింపు నిఘా ఉత్తర్వులు ఉన్నాయి. కోర్టే ఇవ్వాలి, నిపుణుల నివేదిక ఉండాలి, ఒక్కో ఉత్తర్వు పదేళ్లకు మించకూడదు. పదిహేనేళ్లు దాటి నిఘాలో ఉన్నవాళ్ల విషయం కోర్టు మళ్లీ పరిశీలించాలి. ఇంత పద్ధతి ఉన్నా, ఇది రెండోసారి శిక్ష వేయడమే అవుతోందని 2021లో అక్కడి అప్పీలు కోర్టు తప్పుబట్టింది. అక్కడి చర్చ ఏమిటి? జడ్జీ ఇచ్చిన నిఘా కూడా ఎక్కువైపోతోందా అని. మన దగ్గర జడ్జీ ముఖమే చూడని నిఘా గురించి అసెంబ్లీలో ఒక పూట చర్చ పెట్టించడం కూడా మనవల్ల కాలేదు.

6. మరి మనమేం చెయ్యాలి

"రౌడీ షీట్లన్నీ రద్దు చెయ్యాలి" అనే నినాదంతో నాకు పేచీ ఉంది. సారా సెటిల్మెంట్లు చేసేవాడు, పేటలో అప్పు వడ్డీకి ఆడవాళ్లను బెదిరించేవాడు, ఎన్నికల్లో పెద్దల తరఫున కర్రలు పట్టుకొచ్చేవాడు మన కులంలోనూ ఉన్నాడు. అతని మీద ఒక కన్ను ఉండాలని మన అక్కచెల్లెళ్లే అడుగుతారు. వాళ్ల మాట తోసేసి మనం ఉద్యమం నడపలేం. అందుకే అడగాల్సింది ఇది: నిఘాకు శాసనసభ చేసిన చట్టం ఉండాలి. ఉత్తర్వు జడ్జీ ఇవ్వాలి. కారణాల కాపీ ఆ మనిషికి ఇవ్వాలి. గడువు ఉండాలి. ఏటా మళ్లీ జడ్జీయే చూడాలి. కొట్టేసిన కేసులు, అట్రాసిటీ కేసుకు పోటీగా పెట్టిన కౌంటర్ కేసులు "అలవాటు" లెక్కలోకి రాకూడదు.

ఆ చట్టం వచ్చేలోపు చేయగలిగినవి:

మీ పేటలో ఎవరి మీద షీటు ఉందో, ఏ ఏడాది తెరిచారో, ఏ కేసుల మీద తెరిచారో, ఆ కేసులు ఏమయ్యాయో ఒక నోటు పుస్తకంలో రాయండి. కేసు కొట్టేసిన తీర్పు కాపీలు పోగు చెయ్యండి. చాలామంది ఇళ్లల్లో ఆ కాపీ ఉండదు, కోర్టులో దరఖాస్తు చేసి తెచ్చుకోవాలి. లా చదివే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఇది మీరు చేయగలిగిన పని.

డిసెంబరు రాకముందే, అక్టోబరు, నవంబరుల్లోనే ఎస్పీకి, డీఎస్పీకి రాతపూర్వకంగా అర్జీ పెట్టించండి. రసీదు తీసుకోండి. మాజిద్ బాబు, మహమ్మద్ ఖదీర్ తీర్పులు, 2022 హైకోర్టు తీర్పు, 2024 మే సుప్రీంకోర్టు తీర్పు అందులో పేర్కొనండి. అర్జీ పెట్టినా ఏమీ చెప్పకుండా పొడిగించారంటే, ఆ రసీదే రేపు హైకోర్టులో రిట్‌కు పునాది. న్యాయవాదికి ఫీజు ఇచ్చుకోలేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగండి. ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం 1987 చట్టం ఇచ్చిన హక్కు.

కలెక్టరు అధ్యక్షతన జిల్లా విజిలెన్స్, మానిటరింగ్ కమిటీ మూడు నెలలకోసారైనా కూర్చోవాలి. 2022 ఏప్రిల్ నుంచి మనకు రెండు జిల్లాలు: ఏలూరు, భీమవరం కేంద్రంగా పశ్చిమ గోదావరి. అంటే రెండు కమిటీలు. రెండు చోట్లా మనవాళ్లు సభ్యులుగా ఉంటారు. అత్యాచారాలకు అవకాశమున్న గ్రామాల జాబితా ఉందా, సెక్షన్ 10 కింద పోలీసులు కోర్టుకు ఎన్ని నివేదికలు ఇచ్చారు, కౌంటర్ కేసుల మీద తెరిచిన రౌడీ షీట్లు ఎన్ని - ఈ మూడు ప్రశ్నలు ప్రతి మీటింగులో మినిట్స్‌లోకి ఎక్కేలా చూడండి.

నోటిఫికేషన్‌ను ఏ కోర్టూ ప్రశ్నించరాదని 1871లో రాసుకున్నారు. ప్రశ్నించవచ్చని 1950లో బాబాసాహెబ్ రాజ్యాంగంలో 32, 226 అధికరణాలుగా రాసిపెట్టారు. ఈ డిసెంబరు 31 లోపు మీ పేట నుంచి కనీసం ఒక్క అర్జీ పోవాలి. పోయాక కింద కామెంట్లో ఊరి పేరు మాత్రం రాయండి, మనిషి పేరు రాయకండి.

వచ్చే భాగంలో బైండోవర్ గురించి: ఎన్నికల ముందు తహసీల్దారు ఆఫీసు దగ్గర క్యూ కట్టేది ఎవరు, పూచీకత్తు ఇచ్చేది ఎవరు, ఆ రుణం ఓటు రూపంలో తీర్చేది ఎవరు.

జై భీం.